సెలవులకు ఇంటికి పంపే ముందు

నేను పనిచేసిన హాస్టల్లో నా గది తలుపు మీది బోర్డు మూడు పేర్లు చూసింది. చేరినప్పుడు 'మేట్రన్', తర్వాత 'వార్డెన్', దిగిపోవడానికి కొన్నేళ్ళ ముందు 'మెంటర్'. ఈ మూడో మాటకు అర్థమేమిటని మా వంటామె అడిగింది. పిల్లలతో కూర్చుని మాట్లాడే పని అని చెప్పాను. "దానికి జీతం గూడా ఇస్తారా అండీ?" అని గరిటె పట్టుకుని నవ్వింది.

ఇప్పుడు ఆ కుర్చీలోకి బాగా చదువుకున్న అమ్మాయిలు వస్తున్నారు. వాళ్ళకు శిక్షణ ఉంది, పుస్తకాలున్నాయి. సంతోషం. అప్పుడప్పుడు నన్ను చూడడానికి వచ్చి, "ఈ పనికి ముఖ్యంగా ఏం కావాలి మేడమ్?" అని అడుగుతారు. ఓపిక, ప్రేమ అని చెబుతానని ఎదురుచూస్తారు. అవి ఉండవలసినవే. నేను మాత్రం నా ఉద్యోగంలో చాలా భాగం భయంతో చేశాను. ఆ భయం దేనికో, అది నాచేత ఏమేం చేయించిందో రాస్తున్నాను. మనుషుల పేర్లన్నీ మార్చాను.

మాది గుంటూరుకు దక్షిణంగా, పత్తి చేలూ మిరప చేలూ తప్ప మరేమీ కనిపించని చోట, ఒక మిషన్ వారు నడిపే బాలికల హాస్టల్. పత్తి విత్తనాల చేలల్లో పనికి పెడితే తప్పించి తెచ్చిన పిల్లలు, ఏడో తరగతిలోనే పెళ్ళి పీటల దాకా వెళ్ళి వచ్చిన పిల్లలు ఉండేవారు. అందరికంటే ఎక్కువగా, తండ్రి పురుగుమందు తాగి చనిపోయిన పిల్లలు ఉండేవారు.

సరోజినమ్మగారి పద్ధతి

నాకు పని నేర్పింది సరోజినమ్మగారు. నా మొదటి పై అధికారి. మనిషి గట్టి, మాట ఇంకా గట్టి. చదువులూ మార్కులూ ఆవిడకు పెద్దగా పట్టవు. సెలవులు దగ్గర పడితే మాత్రం ఆవిడకు నిద్ర ఉండేది కాదు. తండ్రి అలా పోయిన ప్రతి పిల్ల ఇంటికీ, పిల్లను పంపకముందే తాను వెళ్ళి వచ్చేవారు.

ఇంటివాళ్ళు కుర్చీ వేస్తే కూర్చునేవారు కాదు. ముందు వంగి మంచం కింద చూసేవారు. తర్వాత చూరు, నీళ్ళ గాబు వెనక, స్నానాల దడి. పురుగుమందు డబ్బా కనిపిస్తే, ఖాళీ అని ఇంటివాళ్ళు అన్నా సరే, ఊపి చూసేవారు. దాన్ని వాళ్ళచేతే తీయించి, తాళం పడే చోట పెట్టించి, అప్పుడు మంచినీళ్ళు అడిగేవారు.

హాస్టల్లో దీన్ని చెప్పుకుని నవ్వేవాళ్ళు. "మేట్రనమ్మగారు ఊరూరా కోడికూర తినటానికి పోతన్నారు" అని ఒక టీచరు అంటే ఆవిడ చెవిన పడింది. "తింటన్నా. నిన్నటిది ముక్క సరిగా ఉడకలా. ఈసారి నువ్వొచ్చి వండు" అన్నారు.

ఎందుకు అలా తిరుగుతారో నాకు ఒక్కసారే చెప్పారు. గుంటూరు బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉన్నాం. "దర్శి వైపు పిల్ల. నేను కొత్తగా చేరినప్పుడు. సెలవులకని బస్సెక్కించాం. కిటికీలోంచి చెయ్యి ఊపతా, నవ్వతా పోయింది. మళ్ళా రాలా." ఆ తర్వాత బస్సు వచ్చింది, ఎక్కాం. ఆ రోజు నుంచి, నవ్వుతూ బస్సెక్కే పిల్లను చూస్తే నాకు భయమేస్తుంది.

నాకు చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు. ఉద్యోగంలో చేరాక అందులో ఎక్కువగా పిల్లల తిండి గురించే రాశాను. ఎవరు అన్నం వదిలేశారు, ఎవరు పక్కదాని కంచంలో చెయ్యి పెట్టి తిట్లు తిన్నారు. తిట్టుకునే పిల్లల గురించి నాకు బెంగ ఉండేది కాదు. ఏడ్చే పిల్లల గురించి కొంచెం ఉండేది. అన్నిటికీ సరేనని తల ఊపే పిల్ల గురించి రాసేటప్పుడు చెయ్యి ఆగేది.

సెమీ క్రిస్మస్ నాడు

కెజియా తొమ్మిదో తరగతిలో మా దగ్గరకు వచ్చింది. ప్రత్తిపాడు దాటాక ఒక ఊరు. తండ్రి కౌలుకు మిరప వేశాడు. పూతకు పురుగు పడి పైరు ముడుచుకుపోయింది. ఆయన చేలోనే చనిపోయాడు. తల్లి సంతోషమ్మ కూలికి వెళ్తుంది. కెజియా లెక్కల్లో చురుకు. చిన్నపిల్లలకు జడలు వేసేది, అడిగినదానికల్లా తల ఊపేది.

మా సూపరింటెండెంటు దేవసహాయం గారు. హాస్టలు ఆవరణలోని మందిరానికి పాస్టరు కూడా ఆయనే. పిల్లలు అయ్యగారూ అని పిలిచేవారు. మంచి మనిషి. ఆ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే ఈ పనిలో జరిగే హాని చాలావరకు మంచివాళ్ళ చేతే జరుగుతుంది.

డిసెంబరులో, సెలవులిచ్చే ముందు, మా వైపు సెమీ క్రిస్మస్ చేస్తాం. పాటలు, కేకు, పట్నం నుంచి వచ్చిన పెద్దలు. అందులో సాక్ష్యాలుంటాయి. ఒక మనిషి లేచి, తన జీవితంలో వచ్చిన కష్టం, దాన్ని దేవుడు ఎలా దాటించాడో అందరి ముందూ చెప్పాలి. విన్నవాళ్ళు ఆమెన్ అంటారు. పెద్దవాళ్ళు తమంతట తాము లేచి చెబితే దానిలో గొప్ప బలం ఉంది, నేను చూశాను. పిల్లల్ని లేపడం నాకు ఇష్టం ఉండేది కాదు.

"ఈసారి పిల్లల్ని లేపొద్దు అయ్యగారూ" అని ముందు రోజే అన్నాను.

"నేను అనాథగా పెరిగినవాణ్ణి రత్నకుమారిగారూ. పదిహేనేళ్ళప్పుడు లేచి సాక్ష్యం చెప్పాను. ఆ రోజే నా గుండె మీద రాయి దిగింది. ఆ మేలు పిల్లలకు వద్దంటారా?"

"మీరు లేచారు. ఎవరూ లేపలేదు గదండీ."

"సరే, బలవంతం ఉండదు లెండి" అన్నారు.

మర్నాడు ప్రార్థన మధ్యలో ఆయన మనసు పొంగింది. "కెజియా, రామ్మా తల్లీ. రెండే మాటలు" అన్నారు. అది బలవంతం అని ఆయనకు తోచలేదు. మూడువందల కళ్ళు తిరిగితే పద్నాలుగేళ్ళ పిల్ల కూర్చుని ఉండగలదా?

కెజియా వెళ్ళి మైకు ముందు నిలబడింది. "మా నాన్న చనిపోయినప్పుడు నేను బళ్ళో ఉన్నాను. ఎవరో వచ్చి చెప్పారు. అప్పుడు దేవుడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పుడు నాకు ఏ బాధా లేదు" అంది. ఆమెన్ అని మందిరమంతా అంది. అతిథులు కళ్ళు తుడుచుకున్నారు. ఆమె వచ్చి కూర్చుని కేకు తింది. అయ్యగారు దూరం నుంచే నా వైపు చూసి, చూశారా అన్నట్టు తల ఊపారు.

ఆ తర్వాతి రోజుల్లో కెజియా ఎప్పటికంటే హాయిగా ఉంది. గట్టిగా నవ్వింది. నాకు భయం మొదలైంది.

అది ఎందుకో నాకు దీవెన చెప్పింది. ఏడో తరగతి పిల్ల, వాగుడుకాయ. భోజనాల దగ్గర నా పక్కన చేరి, "మేడమ్, కెజియక్క నాకు జామెట్రీ బాక్సు ఇచ్చేసింది. కంపాసు ముల్లు గూడా విరగలా" అంది.

"మరి దానికి లెక్కలెట్లా?"

"నేనూ అదే అడిగా మేడమ్. నాకిక అక్కర్లేదులేవే అంది. స్వెట్టరేమో రెండో క్లాసు పిల్లకిచ్చింది. ఎంత మంచిదో గదా!"

నా ముద్ద కంచంలోనే ఆగిపోయింది.

అడగవలసిన మాట

కొత్తగా వచ్చేవాళ్ళు ఎక్కువగా జంకేది ఈ ఒక్క మాట దగ్గరే. చావు గురించి అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమో అనుకుంటారు. అవదు. ఆ ఆలోచన ఉన్న పిల్ల, ఎవరైనా అడుగుతారేమోనని చూస్తూనే ఉంటుంది. చుట్టూ తిప్పి అడిగితే చుట్టూ తిప్పే జవాబు చెబుతుంది.

మధ్యాహ్నం కెజియా పెరట్లో దుప్పట్లు ఉతికి ఆరేస్తోంది. నేను వెళ్ళి ఒక దుప్పటి రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం చెరోవైపు మెలిపెట్టి పిండుతున్నాం.

"కెజియా, నిన్నొకటి అడుగుతా. నీకు చచ్చిపోవాలని అనిపిస్తందా?"

ఆమె చేతులు ఆగలేదు. "ఎవరు చెప్పారు మేడమ్?"

"ఎవరూ చెప్పలా. నాకు భయమేసింది. అందుకని అడిగా."

"నాకేం భయం లేదు మేడమ్."

ఎండ కాస్తోంది, పిల్లలు అవతల కబడ్డీ ఆడుతున్నారు. అనిపించట్లేదని మాత్రం ఆమె అనలేదు. దుప్పటి వదిలితే ఆమె వెళ్ళిపోతుందని పట్టుకునే ఉన్నాను. నీళ్ళన్నీ కారిపోయాయి. అయినా ఇద్దరం మెలిపెడుతూనే ఉన్నాం.

"ఇంటికి పోయినాక" అంది కాసేపటికి, తల వంచుకుని.

"ఎందుకమ్మా?"

"నేను అబద్ధం చెప్పా మేడమ్. మందిరంలో. ఆ రోజు బడికి పోతంటే నాన్న చేలోంచి కేకేశాడు. మందు కొట్టాలి, డబ్బా మర్చిపొయ్యా, తెచ్చియ్యమ్మా అని. ఇంటికెళ్ళి తీసుకెళ్ళి ఇచ్చా. ఇచ్చేసి బస్సెక్కా." ఆగింది. "ఇచ్చింది నేను. నాకు బాధ లేదని చెబితే అందరూ ఆమెన్ అన్నారు."

నీ తప్పు కాదమ్మా అనే మాట నా నోటి చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఆ మాట అంటే ఆమె సరేనని తల ఊపి, నన్ను కూడా ఆమెన్ అన్నవాళ్ళలో కలిపేసి ఉండేది. "డబ్బా ఇస్తే నాన్న ఏమన్నాడు?" అని అడిగాను. "జాగ్రత్తగా పో అన్నాడు" అంది. అప్పుడు ఏడ్చింది. తడి దుప్పటిలో మొహం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నేను పక్కనే నిలబడ్డాను.

"ఎవరికీ చెప్పనని మాటియ్యండి మేడమ్."

"ఇవ్వనమ్మా. ఇప్పుడే డాక్టరు దగ్గరకు పోదాం. మీ అమ్మకు చెబుదాం. నువ్వూ నేనూ కలిసే చెబుదాం."

"అమ్మో, మా అమ్మ నన్ను చంపుద్ది!"

చచ్చిపోవాలనుకుంటున్న పిల్ల, అమ్మ కొడుతుందని భయపడింది. నాకు కొంచెం ఊపిరి ఆడింది.

ఒక మాట ఇక్కడ గట్టిగా రాస్తున్నాను. ఎవరికీ చెప్పనని పిల్లలకు మాట ఇవ్వకండి. ఆ క్షణం నుంచి పిల్లను ఒంటరిగా వదలకండి. మేము ఆ రోజే గుంటూరు వెళ్ళి మానసిక వైద్యురాలికి చూపించాం. ఆవిడ మందులు రాసి, మళ్ళీ మళ్ళీ రమ్మని చెప్పి, "మీరు అడిగిన ప్రశ్న ఒకసారి అడిగి ఊరుకోకండి. రోజూ అడగండి" అన్నారు.

దేవసహాయం గారికి నేనే చెప్పాను. పిల్ల చెప్పినదంతా చెప్పలేదు, చెప్పవలసినంత చెప్పాను. ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నారు. "నా రాయి దిగింది గదా అని ఆ పిల్ల మీద పెట్టానా?" అన్నారు. నేను కాదనలేదు. కాదంటే ఆయనకు హాయిగా ఉండేది. ఆ తర్వాత ఏ పండగకూ ఆయన పిల్లల్ని మైకు ముందుకు పిలవలేదు. పాటలు పాడించారు. నేను చూసిన పై అధికారుల్లో తన పద్ధతి మార్చుకున్నది ఆయన ఒక్కరే.

తల్లి

సెలవులకు తీసుకెళ్ళడానికి సంతోషమ్మ వచ్చింది. "వందనాలండీ" అంటూ వరండాలో చెప్పులు విడిచింది. జుట్టులో ఇంకా పత్తి నూగు ఉంది. మందిరం మెట్ల మీద ముగ్గురం కూర్చున్నాం. కెజియా నా కొంగు పట్టుకుని, తనే చెప్పింది. సగం చెప్పేసరికి తల్లి లేచి నిలబడింది.

"ఇంకోసారి ఆ మాటన్నావంటే చెప్పుచ్చుకు కొడతా! నువ్విచ్చేదేందే? అది గుమ్మం పక్కన పెట్టింది ఎవరు? నేను. మంచం కింద నుంచి తీసి, పొద్దున్నే అడుగుతాడని నేనే పెట్టా. నువ్వు లేకపోతే నేనే తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని. మందు కొట్టుకునేవాడికి డబ్బా ఇవ్వకుండా ఎవరుంటారే?"

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?"

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు కోపంగా చూసుకున్నారు. తర్వాత సంతోషమ్మ కూలబడి, కూతురి తల తన ఒళ్ళోకి లాక్కుంది. ఆ ఇంట్లో ఒకే బరువును ఇద్దరు, ఒకరికొకరు తెలియకుండా మోశారు. నేను లేచి కాస్త దూరంగా వెళ్ళి నిలబడ్డాను.

కథ అక్కడితో అయిపోయిందని అనుకోకండి. అంత ఏడుపు తర్వాత మనకు మనసు తేలికపడుతుంది. ప్రమాదం మాత్రం తేలికపడదు. పిల్లను సెలవులకు హాస్టల్లోనే ఉంచమన్నాను. సంతోషమ్మ ఒప్పుకోలేదు. "పండగ పూట అది ఇక్కడుంటే నేను ఎవరి మొహం చూసి తినాలండీ?" అంది. వైద్యురాలిని అడిగితే, తల్లి కనిపెట్టుకుని ఉంటే ఇల్లే మంచిది, ఇంట్లో మాత్రం ఏదీ అందుబాటులో ఉండకూడదు అన్నారు.

వాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను. మంచం కింద చూశాను. చూరు చూశాను. వాళ్ళ ఇంట్లో ఏమీ లేదు. పక్కింటి దడిలో డబ్బాలున్నాయి, వాళ్ళచేత తీయించి తాళం వేయించాను. ఎదురింట్లో ఉన్నాయి. ఆ వెనక ఇంట్లో ఉన్నాయి. మిరపకు పురుగు పడే కాలం అది, ఊరంతా మందు వాసన కొడుతోంది.

సంతోషమ్మ నా వెనకే తిరిగి తిరిగి ఆగిపోయింది. "ఎన్నింటికి తాళాలేస్తారండీ?" అంది. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అడిగింది.

నేను పక్క సందులోకి తిరగబోయాను. సరోజినమ్మగారు ఉన్నా అదే చేసేవారు.

"మీరు పోండి, బస్సు పోద్ది. నా పిల్లని నేను చూసుకుంటా" అంది.

బడి తెరిచాక

సెలవుల్లో రోజూ ఫోను చేశాను. కెజియా విసుక్కునేది. "ఆ ప్రశ్నేగా మేడమ్? ఇవాళ అనిపించలా." ఒకరోజు మాత్రం, "పొద్దున కొంచెం అనిపించింది. అమ్మకి చెప్పా" అంది. ఆ రాత్రి అన్నం సయించలేదు. అయినా, చెప్పింది గదా అని నాకు నేను చెప్పుకున్నాను. సెలవుల చివర్లో ఫోను స్విచాఫ్ అని రావడం మొదలైంది.

బడి తెరిచిన రోజు పిల్లలందరూ వచ్చారు. కెజియా రాలేదు. మర్నాడు పొద్దున కూడా రాలేదు. ఛార్జింగు అయిపోయి ఉంటుందని ఒకరు, బంధువుల ఇంటికి వెళ్ళి ఉంటారని ఒకరు అన్నారు. నేను బస్సెక్కాను. దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. వాటిని చూడలేక ముందు సీటు వెనక భాగాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎవరినీ ఏమీ అడగకుండానే ఏం జరిగిందో నాకు తెలిసిపోయినట్టుంది. వాళ్ళ సందు మలుపులో జనం గుంపుగా ఉంటారని చూశాను. ఎవరూ లేరు.

ఇల్లు తాళం వేసి ఉంది. పక్కింటి ముసలామె అరుగు మీద కూర్చుని పొగాకు నలుపుకుంటోంది. "చేలో ఉంటది పో" అంది.

"తల్లా, పిల్లా?"

"ఏమోనమ్మా, నాకేడ కనపడుద్ది" అంది.

గట్ల మీద నడిచాను. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని నడిచాను. కాలవ దాటాక పత్తి చేను. కూలీలు అవతలి కొసన ఉన్నారు. ఇవతల, ఛాతీ ఎత్తు మొక్కల మధ్య సంతోషమ్మ ఒక్కతే నిలబడి ఉంది, నడుముకు ఒడి కట్టుకుని. పక్కన ఎవరూ లేరు.

"సంతోషమ్మా!" అన్నాను. మళ్ళీ అరిచాను. "పిల్ల ఏదమ్మా?"

ఆమె తల తిప్పలేదు. ఎదురుగా ఉన్న మొక్కల వైపే చూస్తూ ఉంది. నేను గట్టు మీద అలాగే నిలబడిపోయాను.

ఆ మొక్కలు కదిలాయి. కింది కాయలు తీస్తూ వంగి ఉన్న కెజియా, జుట్టు నిండా ఎండుటాకులతో పైకి లేచింది.

"ఇక్కడున్నా మేడమ్! మీరన్నా చెప్పండి మా అమ్మకి. పొద్దుట్నుంచీ నా మొహమే చూస్తంది. చేతులాడట్లా. అదుగో, ఎన్ని కాయలు వదిలేసిందో చూడండి!"

అప్పుడు గమనించాను. పత్తి తీసేటప్పుడు ఒక్కో మనిషి ఒక్కో సాలు, అంటే ఒక్కో మొక్కల వరస పడతారు, ఎవరి సాలు వాళ్ళది. వీళ్ళిద్దరూ ఒకే సాలుకు చెరోవైపు, ఎదురెదురుగా నిలబడి తీస్తున్నారు.

"మేస్త్రి రోజూ తిడతన్నాడు మేడమ్. ఒక సాలుకి ఇద్దరేందే, ఒక్క కూలే ఇస్తా అంటన్నాడు. అయినా వినదు."

"నోర్ముయ్యవే. నా సాలు, నా ఇష్టం" అంది సంతోషమ్మ. తర్వాత నాతో, "ఫోను బిందెలో పడిందండీ. ఈ తీత కానిచ్చి నేనే తీసుకొద్దామనుకున్నా. ఒంటరిగా బస్సెక్కించటానికి మనసొప్పలా" అంది.

"సరేలే. సాలు కానియ్యండి, ముగ్గురం కలిసే పోదాం" అన్నాను.

గట్టు మీద కూర్చున్నాను. సాలు చివరిదాకా కెజియా గొణుగుతూనే ఉంది. అంతసేపూ సంతోషమ్మ ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.